ఇటుకల మీది మిర్చీ బండి

కామారెడ్డిలో ఎల్లారెడ్డి బస్సులు ఆగేచోట నా మిర్చీ బండి చక్రాలు తీసేసి, ఇటుకల మీద నిలబెట్టి ఏళ్లయింది. ఈమధ్య కౌన్సిల్ కొత్త రూల్ పెట్టింది. రోడ్డు మీది బండ్లు కదులుతూనే ఉండాలట, ఆగితే ఎత్తుకుపోతారట. ఆ మాట చెప్పడానికి మున్సిపల్ ఆయన జీపులో వచ్చాడు.

డిగ్రీ చదివిన నా నోరు ఊరుకోదుగా.

"సార్, నూనె మరుగుతుంటె బండి ఎట్ల నూకాలె?"

"చల్లారినంక నూకక్కా."

"చల్లటి నూనెల మిర్చీలు ఎట్ల కాలుతయి?"

"రూల్ నేను పెట్టలే అక్కా. వేడిగ రెండు మిర్చీలెయ్యి."

వేశాను. ఆయన నిమ్మళంగా తిని, చెయ్యి తుడుచుకుని, జీపుకు ఆనుకుని నిలబడ్డాడు. పొయ్యి ఆర్పి, చక్రాలు తొడిగించి బండి నూకాను. వెనకాల ఎల్లారెడ్డి బస్సు వచ్చి ఆగింది. దిగినవాళ్లు ఖాళీ ఇటుకల చుట్టూ నా కోసం వెతుకుతున్నారు. ఆగి పిలుద్దామంటే జీపు నా వెనకే వస్తోంది.