మహేంద్రగిరి మంచులో ‘లాభం’ అన్నదెవరు?

దయ్యాల కథలంటే నాకు మొదటినుంచీ నవ్వే. పాతపట్నంలో మా కొట్టు వెనక గోదాంలో ఒంటరిగా పడుకుని పెరిగినవాణ్ణి. చప్పుడైతే ఎలుక అనుకునేవాణ్ణి, వెళ్లి చూస్తే ఎలుకే ఉండేది. ఇప్పుడు కూడా నమ్ముతున్నానని చెప్పను. కానీ మహేంద్రగిరి మీద జరిగిన ఒక సంగతిని మా బంధువులంతా తప్పుగా చెప్పుకుంటున్నారు. ఆ తప్పు వల్ల నాకు మంచి పేరొచ్చింది. ఆ పేరు నాది కాదని చెప్పడానికే ఇది రాస్తున్నాను.

మాది ధాన్యం, చింతపండు, కొండచీపుళ్ల వ్యాపారం. మా కొట్లో లెక్కపెట్టేటప్పుడు ‘ఒకటి’ అనం. మొదటిదాన్ని ‘లాభం’ అంటాం, తర్వాతే రెండు, మూడు. కుంచాలు పోయి కాటాలు వచ్చినా ఆ అలవాటు పోలేదు.

కొన్నేళ్ల కిందట కార్తీకమాసంలో ముగ్గురం ఆ కొండకు వెళ్లాం. నేను, నా భార్య తమ్ముడు శ్రీను, రాజులు మావ. మావ మాకు చుట్టం కాదు. సముద్రం ఒడ్డున ఉంటాడు, ఎండుచేపల వ్యాపారం. వయసులో ఉండగా పడవేసుకుని చేపలవేటకెళ్లేవాడు.

“పడవలోంచి ఈ కొండని గురుతెట్టుకునే ఒడ్డుకొచ్చీవోళ్లం. ఒక్కపాలైనా కొండమీంచి సముద్రాన్ని సూడాల,” అనేవాడు. ఆయన కోసమే ఆ ప్రయాణం.

పర్లాకిమిడి మీదుగా జీపులో వెళ్లి, దారి ఆగినచోట దిగి నడిచాం. పైన చెట్లు తగ్గిపోయి ఒట్టి గడ్డే, గాలికి ఒకవైపే వాలి ఉంది. బండల సందుల్లో ఊదారంగు పూలు. భీముడి గుడి అనే చోట ఏనుగంత రాళ్లు, సున్నం లేకుండా ఒకదాని మీద ఒకటి పేర్చి ఉన్నాయి. పరశురాముడు ఇంకా ఈ కొండ మీదే తపస్సులో ఉన్నాడనీ, ఎవరికీ కనపడడనీ అక్కడివాళ్లు చెబుతారు. తూర్పున సన్నటి వెండిగీతలా సముద్రం కనిపించింది. మావ కళ్లకు చెయ్యి అడ్డం పెట్టుకుని చాలాసేపు చూశాడు.

“మావా, మీ ఇల్లు కనబడతన్నాదేటి?” అన్నాడు శ్రీను.

“ఇల్లేటి, మీ అత్త పులుసు కాస్తన్న వాసనే వస్తాది,” అన్నాడు మావ.

తిరిగి దిగుతుండగా మంచు వచ్చింది. పైనుంచి కాదు, లోయలోంచి పాలు పొంగినట్టు లేచి వచ్చింది. నా చెయ్యి నాకే కనపడలేదు. ఎటో ఒక పక్క లోయ ఉందని తెలుసు, ఏ పక్కో తెలియదు. ఒక బండ మీద కూర్చుండిపోయాం. ఫోన్లు పనిచేయలేదు. తడిబట్టలతో వణుకు మొదలైంది. ఎంతసేపటికీ మంచు పలచబడలేదు. నాలుగు గోడల గదిలో పెట్టి తాళం వేసినా ఇంత ఊపిరాడకుండా ఉండదు.

దారి దగ్గర్లోనే ఉండాలి, తడిమి చూస్తానన్నాడు శ్రీను. ఒకరి గొంతు ఒకరికి అందుతూ ఉండేలా లెక్క చెప్పుకుందామన్నాను నేను. నేను ‘లాభం’ అంటే అతను రెండు, మావ మూడు.

“కొండెక్కినా కొట్టు కట్టవేటి బావా!” అని నవ్వుతూ మంచులోకి వెళ్లాడు.

కాసేపు బాగానే సాగింది. లాభం, రెండు, మూడు. మళ్లీ లాభం, రెండు, మూడు. ఒకసారి మావ మూడు అనగానే, మా వెనకనుంచి ‘నాలుగు’ అని వినిపించింది.

మామూలు గొంతు. పెద్దవయసు మగమనిషిది. పక్కనే కూర్చున్నవాడు అన్నట్టుంది.

“ఎవులది?” అన్నాడు మావ. నా మోచెయ్యి పట్టుకుని మెల్లిగా అన్నాడు: “తెలీని గొంతుకి పలక్కు. సముద్రంలోనైనా అంతే.”

ఇక్కడే నిజం చెప్పాలి. మావ తెలియని గొంతుకే పలకొద్దన్నాడు. శ్రీనుకు పలకొద్దనలేదు. నా వంతుకు నేను లాభం అనకపోయేసరికి శ్రీనే “రెండు” అన్నాడు. మళ్లీ “బావా, రెండు! లాభం అనవేటి?” అని అరిచాడు. విన్నాను. అది శ్రీను గొంతేనని నాకు తెలుసు. అయినా నోరు తెరిస్తే నా వెనక ఉన్నది పలుకుతుందని భయం. పలకలేదు. తర్వాత రాళ్లు దొర్లిన చప్పుడు, ఒక కేక. అప్పుడు కూడా నా నోట మాట రాలేదు. మావే పేరుపెట్టి పిలిచాడు. జవాబు లేదు.

చాలాసేపటికి కిందనుంచి సన్నగా “రెండు” అని వినబడింది. కాస్త ఆగి, మళ్లీ “రెండు”. ఎవరో అడుగుతుంటే జవాబిస్తున్నట్టు ఆగి ఆగి అంటున్నాడు. అడిగే గొంతు మాకు వినపడలేదు. ఒక్కో రెండుకీ దగ్గరకొచ్చాడు. చివరికి అతని చెయ్యి నా కాలికి తగిలింది. మడమ విరిగింది, పాకుతూ వచ్చాడు.

“నువ్వు ఆపకుండా లాభం లాభం అంతన్నావు గాబట్టి ఇటొచ్చీసినాను బావా. లేపోతే పోదును,” అని ఏడ్చాడు.

నేను “కాలు చూడనీరా” అన్నాను. అంతే అన్నాను.

మంచు విడిపోయాక చూశాం. అతను పడింది లోయ అంచున ఉన్న చిన్న రాతి అరుగు మీద. పైకి రావడానికి మనిషి పట్టేంత సందు ఒక్కటే ఉంది. ఇంకెటు పాకినా లోయే.

ఆనాటినుంచి మా అత్తగారింట్లో నేను దేవుణ్ణి. శ్రీను ఏటా కార్తీకంలో నాకు కొత్తబట్టలు తెస్తాడు. పిల్లలకు “మీ మావయ్య గొంతే నాకు దారి చూపింది” అని చెబుతాడు. నేను తల వంచుకుని ఊరుకున్నాను.

ప్రతిధ్వని అందామంటే, నేను నోరు మూసిన చాలాసేపటికి కదా అతను విన్నది. దెబ్బ తగిలి భ్రమపడ్డాడందామంటే, ఆ భ్రమకు ఆ ఒక్క సందు ఎలా తెలిసింది? అతను విన్న గొంతులో భయం లేదట. బేరం బాగున్న రోజున కొట్లో అన్నట్టు, నింపాదిగా ఉందట. ఆ వేళ నా గొంతు అలా ఉండే అవకాశమే లేదు. రాజులు మావను అడిగితే, “నువ్వు నోరిప్పలేదు, నాను పక్కనే ఉన్నాను. ఆడేటిన్నాడో నాకు తెల్దు,” అంటాడు.

ఇది రాసే ముందు శ్రీనును మా కొట్లో కూర్చోబెట్టి అంతా చెప్పాను. పలకలేదురా, భయపడ్డానురా అన్నాను.

“ఊరుకో బావా. నీ గొంతు నాకు తెల్దేటి?” అని లేచి, కుంటుకుంటూ బస్తాలు దించడానికి వెళ్లాడు.

వాకిట్లో లారీ ఆగి ఉంది. లెక్క మొదలుపెట్టమని నావైపు చూశాడు. నాకు నోరు రాలేదు. అతనే “లాభం” అని మొదలుపెట్టాడు. ఆ రోజు కొండ మీద ఆ మాట అన్నదెవరో నాకు ఇప్పటికీ తెలియదు. నేను కాదు.