వర్సెస్ అనే మాట

"ఇన్నేళ్ళూ అడగనేలేదు, వర్సెస్ అంటే ఏంటండి?"

"ఇటు నేను, అటు వాడు. మధ్యలో అది. కాస్త నడుం వాలుస్తా, నాలుగింటికి లేపు."

ఆయనా నేనూ చివరగా అనుకున్న మాటలివే. నాలుగింటికి లేపాను. లేవలేదు.

నిన్న బాపట్లలో మా ఇంటికి ప్లీడరుగారి కాయితం వచ్చింది. ఆయన పేరుండే చోట నా పేరు, ఎదుట రేపల్లెలో ఉండే మా మరిది పేరు, నడుమ ఆ ఇంగ్లీషు మాట. వేలిముద్ర వేస్తే అంగలకుదురు పొలం గట్టు తగాదా ఇక నాది. వేయకపోతే కేసు పోతుంది. కాయితం చదివిపెట్టిందీ, నేను చెబుతుంటే ఇది రాస్తున్నదీ ఆ మరిది కూతురే. రాయమ్మా, మొహమాటపడకు. ఇరవై ఏళ్ళు ఆ మాట మా ఇంట్లో కాపరం చేసింది. ఉప్పెక్కువైతే, "ఇవాళ నేను వర్సెస్ నీ పప్పుచారు" అనేవారు మీ పెదనాన్న.

ఆయన పోయిన నెలకే తెనాలి కోర్టులో వాయిదా వచ్చింది. ఆయన పోయారని చెబుదామని నేనే వెళ్ళాను. వానకు తడిసిన గొడుగులు, పాత కాయితాల ముక్కిన వాసన. అక్కడ బంట్రోతు గుమ్మంలో నిలబడి పేరు మూడుసార్లు పిలుస్తాడు. ఒకసారి పిలిచాడు. రెండోసారి పిలిచాడు. ఆయన లేరండి అందామని కొంగు సర్దుకుని లేచాను. మూడో పిలుపుకు నా వెనకనుంచి మొదట చిన్న దగ్గు, తర్వాత "ఉన్నానండి" అని వినబడింది. ఆయన దగ్గే. ఆయన గొంతే.

తిరిగి చూస్తే మరిది. మొహం నిండా చెమట.

"నువ్వేనా పలికింది?"

"బళ్ళో అన్నయ్య రానిరోజు హాజరు నేనే పలికేవాణ్ణి వదినా. మేష్టారు కూడా కనిపెట్టలేదు." చెమట తుడుచుకుని, "ఇవాళ మాత్రం నేను నోరు తెరవలేదు" అన్నాడు.

లోపల గుమాస్తా, మనిషి వచ్చాడని రాసేసుకున్నాడు. ఆయన పోయిన సంగతి ఆనక ప్లీడరుగారికే చెప్పాను. మరిది నన్ను బాపట్ల బస్సెక్కించి, బస్సు కదిలేదాకా కిటికీ పట్టుకుని నిలబడ్డాడు. నాతో మాట్లాడి ఇరవై ఏళ్ళయిన మనిషి.

అన్నేళ్ళూ ఆ అన్నదమ్ముల పేర్లను ఒక్క వరసలో నిలిపింది ఆ మాటొక్కటే. అందులోకి నేను దూరను. వేలిముద్ర వేయను. గట్టు మీ నాన్ననే దున్నుకోమను. కాలం మనుషుల్ని తీసుకుపోయినంత తేలిగ్గా పేర్లను తీసుకుపోదు.

ఇక చదివి వినిపించు. ఆయన పేరు నా నోట ఎన్నడూ రాలేదు, ఇందులోనూ రాలేదు. బంట్రోతు పిలుపు దగ్గరికి వచ్చినప్పుడు ఆ పేరు నువ్వే పలుకు. మూడుసార్లు. పలికి, కాస్త ఆగు.