అన్నిటికీ ‘లేదు’ అని రాసిన ఫారం

నాకు ఒళ్లు మండిపోతోంది. కానీ ఆ ఇంటావిడ ఇచ్చిన టీ తాగుతూ ఆమెతోనే గొడవెలా పడను?

అప్పట్లో నాది పిల్లల మీద జరిగే ఒక పరిశోధనలో సర్వే పని. హైస్కూలు పిల్లలు ఫోన్లో ఏం చూస్తున్నారు, నిద్ర పడుతోందా, మనసెలా ఉంది, ఇవే ప్రశ్నలు. నర్సీపట్నం నుంచి ఆటోలో కోటవురట్ల వైపు పల్లెలకు వెళ్లేదాన్ని. ఆ ఇంట్లో తొమ్మిదో తరగతి పిల్ల ఉంది. నేను పిల్లను అడిగితే తల్లి జవాబు చెప్పేది.

“ఒక్కోసారి ఊరికే ఏడుపొస్తుందా?”

“దానికేడుపేటండీ, మూడు పూటలా తింటాది. నేదని రాసీయండి.”

మా వైపు కాగితం పట్టుకుని ఎవరొచ్చినా పథకం సర్వే అనుకుంటారు. తేడాగా చెబితే పేరు తీసేస్తారని భయం. ఇది పథకం కాదు తల్లీ అని రెండుసార్లు చెప్పాను. ఆమె బుద్ధిగా తలూపి, ఆధార్ కార్డు తెచ్చి నా చేతిలో పెట్టింది. ఖర్మ! పిల్లను విడిగా అడగాలన్నది మా నియమం. మొహమాటానికి పోయి, అన్నిటికీ ‘లేదు’ టిక్కు పెట్టుకుని బయటపడ్డాను.

ఇంటికొచ్చినా కాలు నిలవలేదు. ‘ఫోన్ చూశాక భయమేస్తుందా’ అని అడిగినప్పుడు ఆ పిల్ల చున్నీ అంచు పురి పెడుతూనే ఉంది. అది చూసి కూడా టిక్కు పెట్టాను. “ఏటైంది నీకు, కుదురుగా కూకోవా?” అన్నాడు మా ఆయన. పాపం, ఆయన మీద విరుచుకుపడ్డాను. పొద్దున్నే మళ్లీ ఆటో ఎక్కాను.

“ఆధార్ జిరాక్స్ కావాలమ్మా,” అన్నాను తల్లితో. పచ్చి అబద్ధం.

“బేగి తెచ్చెత్తానండి,” అంటూ ఆమె జిరాక్స్ షాపుకి పరుగెత్తింది. పిల్ల పక్కన అరుగు మీద కూర్చుని ఫారం తీశాను. ప్రశ్న అడగకముందే చెప్పేసింది. క్లాసువాళ్లు దాని ఫొటో మీద పిచ్చిరాతలు రాసి గ్రూపులో పెట్టారట. అందరూ నవ్వారట. అప్పటినుంచీ కడుపునొప్పని బడి ఎగ్గొడుతోంది.

“అమ్మకి సెప్పకండి మేడమ్. సదువు మానిపించేత్తాది.”

చెప్పనని మాటివ్వలేను. చెప్పి దాని చదువు పోగొట్టానంటే నన్ను నేను క్షమించుకోలేను. “నువ్వే చెప్పు, నేను ఇక్కడే ఉంటాను,” అన్నాను. అన్నానేగానీ లేచాను, కూర్చున్నాను, మళ్లీ లేచాను.

“మీరు కూకోండి మేడమ్,” అంది పిల్లే.

తల్లి రెండు కాపీలు తెచ్చింది, ఒకటి పోయినా ఇంకోటుంటుందని. పిల్ల నేల చూస్తూ మొత్తం చెప్పింది. తల్లి చెయ్యి పైకి లేచింది. నేను అడ్డం వెళ్లేలోపే ఆమె అరుగు మీద కూలబడిపోయింది.

“కడుపునొప్పంటే రోజూ వాము నీళ్లు తాగించాను కదే,” అంది. కాసేపటికి, “రేపు ఇస్కూలుకి నేనూ వొత్తాను. నువ్వు మానక్కర్నేదు,” అంది.

“ఫారం మళ్లీ రాస్తానమ్మా, పాప ఒప్పుకుంటేనే. పేరెక్కడా ఉండదు,” అన్నాను. పిల్ల తలూపింది.

“రాయండి,” అంది తల్లి. “దీని పక్కన కూకుని అన్నిటికీ నేదని సెప్పింది నేనేనని కూడా రాయండి.”