నీళ్ల పొయ్యిలో చైనా వసంతం

మా ఫ్రిజ్‌లో మంచు పేరుకుపోయి పాల ప్యాకెట్ ఊడి రావడం లేదు. బాగు చేసేవాడు రేపొస్తానన్నాడు. ఇప్పటికి నాలుగు రేపులైనాయి. గరిటెతో గీకుతుంటే మా బాపు తమ్ముడు, చిన్నబాపు గుర్తొచ్చాడు. నా చిన్నప్పుడు లక్సెట్టిపేటలో మంచుగడ్డ కట్టిన ఏరును చూసినవాళ్లు లేరు. మా వాకిట్లో మాత్రం అది ఏటా మాఘమాసంలో కరిగేది.

చిన్నబాపు బడిలో ఇంగ్లీషు చెప్పేవాడు. ఆయన దగ్గర పాతకాలపు చైనా కవితల ఇంగ్లీషు పుస్తకం ఒకటుండేది. సాయంత్రాలు మంచమేసుకుని నాకు వాటిని తెలుగులో చెప్పేవాడు. ఏటి మీద మంచు పలకలు విరుగుతాయి. ఆకు లేని కొమ్మకు ఒక్క పువ్వు పూస్తుంది. సరిహద్దుకు పోయిన కొడుకు కోసం గడపలో నిలబడ్డ ముసలామె ఆ పువ్వునే చూస్తుంటుంది. ఆ కొమ్మ మన మోదుగ కొమ్మలాంటిదేనంటే నమ్మేశాను.

అరవై రెండు నాటి చైనా యుద్ధం ఆగి రెండు నెలలైంది గానీ మా ఊళ్లో ఇంకా ఆగలేదు. అప్పుడే బడి తనిఖీకి వచ్చిన పెద్దసారు నన్ను లేపి వసంతం గురించి చెప్పమన్నాడు. కోయిల, మామిడి చిగురు అని కూర్చుంటే సరిపోయేది. నేను మంచు విరగ్గొట్టాను, ముసలామెను గడపలో నిలబెట్టాను. అంతటితో ఆగక, ఇదంతా మా చిన్నబాపు చైనా పుస్తకంలో ఉందని గర్వంగా చెప్పాను.

మర్నాడు వసంతపంచమి. పెద్దసారు ఇంటికే వచ్చి పుస్తకం చూపించమన్నాడు. శత్రుదేశం పుస్తకం దొరికితే చిన్నబాపు నౌకరీ పోతుంది. ఆ రోజు మా ఇంట్లో పుస్తకాలన్నీ సరస్వతి పటం ముందు పీట మీద పేర్చి, పసుపు కుంకుమ చల్లి, తెల్లారేదాకా ముట్టుకోం. మా నాయనమ్మ పీటకు అడ్డంగా కూర్చుంది.

"రేపు పొద్దుగాల రాండ్రి సారూ. గియ్యాల అమ్మవారి తాననే ఉన్నయ్, నేను గూడ ముట్టద్దు."

పెద్దసారు ఏటా బాసరకు పోయే భక్తుడు. కాదనలేక దండం పెట్టుకుని వెళ్లాడు. ఆయన దండం పెట్టిన వాటిలో పైనుంచి మూడోది ఆ పుస్తకమే.

తెల్లారి పుస్తకాలు దించగానే చిన్నబాపు దాన్ని కళ్లకద్దుకుని, ఒక్కో కాగితమే చింపి నీళ్ల పొయ్యిలో పెట్టాడు. పెద్దసారు వచ్చేసరికి పీట దగ్గర నా వాచకాలే ఉన్నాయి. చైనా పుస్తకం దొరక్క నౌకరీ నిలిచింది. చిన్నబాపు కాగిన నీళ్లు తోడి నన్ను స్నానానికి పొమ్మన్నాడు. మళ్లీ ఎప్పుడూ కవిత చెప్పలేదు.

ఆ పుస్తకంలో ఇప్పుడు మిగిలింది నా దగ్గరున్న ఏరు, కొమ్మ, ముసలామె మాత్రమే. ఎవరేమడిగినా ముందు వాళ్ల మొహం చూసి గానీ నోరు తెరవని అలవాటూ ఆనాటిదే. ఆ పొద్దున నా వీపు రుద్దుతూ నాయనమ్మ అన్నది:

"నిజమే చెప్పినవ్ బిడ్డా. గని పుస్తకం సంగతి నిన్నెవలడిగిన్రు?"