శనివారం పాటించిన నర్సుబాయి

మా బాయి చనిపోయిందని ఫోన్ వచ్చినప్పుడు నేను గడ్చిరోలిలో ఉన్నాను. నర్సులకు ఏదో శిక్షణ. చాయ్ కోసం అందరం వరండాలోకి వచ్చాం. ఫోన్ చేసింది సిరోంచలో ఆమె అద్దెకున్న ఇంటాయన.

"పొద్దుగాల మా ఇంటామె చాయ్ తీస్కపోతే లేవలేదట చెల్లె. పండుకున్నకాడనే పానం పోయింది," అన్నాడు. తర్వాత అడిగాడు: "ఇగ ఎట్ల చేద్దాం? బాయిది మన పద్ధతే కదా?"

"ఆగండ్రి అన్నా, నేనొస్తున్న," అన్నాను.

ఆయన అడిగింది అది కాదు. ఆ ప్రశ్నకు జవాబు ఎందుకు చెప్పలేదో రాయకుండా బాయి గురించి ఎన్ని మంచి మాటలు రాసినా దొంగరాతే అవుతుంది. అందుకే ముందే చెబుతున్నాను, ఇందులో నేను మంచిదాన్ని కాను.

మా వైపు మరాఠీ నర్సులను బాయి అంటారు. ఉద్యోగంలో చేరిన కొత్తలో నన్ను జింగనూర్ ఉపకేంద్రంలో ఆమె చేతికింద వేశారు. కొంకణ్ సముద్రపు ఒడ్డు నుంచి వచ్చిన మనిషి. మా జిల్లాకు బదిలీ అంటే సర్కారు ఉద్యోగులు శిక్ష అనుకుంటారు, వచ్చిన నాటి నుంచే వెనక్కి పోయే కాగితాలు పట్టుకుని తిరుగుతారు. ఆమె మాత్రం చిన్న వయసులో వచ్చి పదవీ విరమణ దాకా ఆ అడవిలోనే ఉండిపోయింది. తెలుగు నేర్చుకుంది, గోండి నేర్చుకుంది. పెళ్ళి చేసుకోలేదు. తోడబుట్టినవాళ్ళు ఒక్కరొక్కరే ఇజ్రాయెల్ వెళ్ళిపోయారు, ఒక మేనల్లుడు మాత్రం కొంకణ్‌లోనే మిగిలాడు. "నువ్వెందుకు పోలే బాయి?" అంటే, "ఆడ నర్సులు మస్తుమంది ఉన్నరు," అనేది.

నేను వెళ్ళిన మొదటి శుక్రవారం. పొద్దు గుంకుతుండగా ఆమె రిజిస్టర్లు మూసేసి, స్నానం చేసి, గాజు గ్లాసులో నీళ్ళ మీద నూనె పోసి ఒత్తి వెలిగించింది. రెండు చేతులతో కళ్ళు మూసుకుని ఏదో చదివింది. గోడ మీద పటం లేదు, గూట్లో విగ్రహం లేదు.

"ఏ దేవునికి బాయి దీపం?"

"ఒక్కనికే."

"ఫోటో ఏది మరి?"

"ఆయనకు ముఖం లేదు. బొమ్మ చేస్తే ఆయన బొమ్మంత అయితడు. గందుకే చెయ్యం."

"కిరస్తానోళ్ళా మీరు?"

"కాదు. వాళ్ళు వచ్చిండన్న రక్షకుడు మా లెక్కల ఇంక రాలే. ఎదురుచూస్తున్నం."

"ముసల్మానులా?"

"కాదే పోరీ. యూదులం." నా ముఖం చూసి నవ్వింది. ఆ మాట నేను వినడం అదే మొదలు. "మా పెద్దలు ఎప్పటి కాలంలనో పడవ పగిలి కొంకణ్ ఒడ్డున పడ్డరట. గానుగ పెట్టి నూనె అమ్ముకొని బతికిండ్రు. శనివారం గానుగ ఆపుతుండిరి. ఊరోళ్ళు శనివారం తేలీలని, అంటే శనివారం గాండ్లోళ్ళని, పేరు పెట్టిండ్రు."

"శనివారం ఎందుకు ఆపాలె?"

"ఆరు దినాలు చేసినంక ఏడో దినం చెయ్యి ఆపాలె. నేను లేకున్నా లోకం నడుస్తదని మనిషికి వారానికి ఒక్కపారన్న యాదికి రావాలె."

నాకు ఆ మాట నచ్చింది కానీ నమ్మకం కుదరలేదు. ఏ శనివారమో కాన్పు వస్తే ఈమె కూర్చునే ఉంటుందేమో అనుకున్నాను. రెండు నెలలకు నిజంగానే శనివారం పూట వాగు అవతలి గూడెం నుంచి మనిషి పరుగెత్తుకుంటూ వచ్చాడు. నేను సంచి సర్దుకుంటూ, "నువ్వు ఉండు బాయి, నేను పోత," అన్నాను. తిరిగి చూస్తే ఆమె అప్పటికే చెప్పులేసుకుని గుమ్మం దిగింది.

"శనివారం కదా బాయి?"

"పానం మీదికొచ్చినప్పుడు శనివారం పక్కకు జరుగుతది. జరపకుంటేనే పాపం. నడువు."

ఆ తల్లి గోండు పిల్ల, తొలిచూలు. బిడ్డ అడ్డం తిరిగింది. బాయి గోండిలో ఆమెతో మాట్లాడుతూనే ఉంది, చేతులు పని చేస్తూనే ఉన్నాయి. ఎండ పడమరకు వాలుతుండగా బిడ్డ ఏడ్చింది. తడిగుడ్డతో ఆ ముఖం తుడుస్తూ నన్ను పిలిచింది. "చూడు, ఎవరి పోలిక?"

"తల్లి పోలికే బాయి."

"దేవుని పోలిక. మా గ్రంథంల గట్ల రాసి ఉంది, మనిషిని తన పోలికల చేసిండని."

"ఆయనకు ముఖం లేదంటివి కదా!"

"గందుకే ఎవ్వరి ముఖమైనా సరే," అంది.

ఇన్నేళ్ళలో నేను మోసిన పుస్తకాలన్నీ కలిపినా అంతకంటే పెద్ద పాఠం చెప్పలేదు. అయితే పాఠం విన్నంత మాత్రాన వంటబట్టదు. నాకు పట్టలేదు.

ఆమె నియమాలు ఆమెకుండేవి. మాంసం ముట్టేది కాదు. వాళ్ళలో మంత్రం చెప్పి కోసేవాడు వేరే ఉంటాడట, సిరోంచలో వాడెక్కడ దొరుకుతాడు? చేపైతే పొలుసూ ఈతరెక్కా రెండూ ఉండాలి. వాలుగ, జెల్ల, రొయ్య ఇంట్లోకి రావు. చేపలమ్మే ముసలమ్మ రవ్వచేప పక్కన పెట్టి "ఇది బాయి చాప" అని ఎవరికీ ఇచ్చేది కాదు. గుమ్మానికి కుడివైపు వేలెడంత కట్టెపెట్టె ఏటవాలుగా కొట్టి ఉండేది, అందులో తోలు మీద రాసిన ప్రార్థన. లోపలికొస్తూ పోతూ దాన్ని తాకి వేళ్ళు ముద్దుపెట్టుకునేది. ఒకసారి నేను, "మీ దాంట్ల నేను కలుస్త బాయి," అంటే కసురుకుంది. "ఎందుకు? మేము ఎవ్వరినీ రమ్మనం. నీ తీరుగ నువ్వు మంచిగుంటే నీ వాటా నీకుంటది." చచ్చాక ఏమవుతుందని అడిగితే, "మా పెద్దలు దాని మీద ఎక్కువ మాట్లాడలే. ఈడ ఏం చేసినవన్నదే అడిగిండ్రు," అనేది.

ఇక నేను చేసింది చెబుతాను.

పదవీ విరమణ తర్వాత క్వార్టరు ఖాళీ చేయాలి. మోకాళ్ళు పోయాయి. సిరోంచలో గది చూసిపెట్టమని నన్ను అడిగింది. రెండుచోట్ల "ఏమోళ్ళు?" అన్నారు, నేను చెప్పాను, వాళ్ళకు అర్థం కాలేదు, అర్థం కానిదానికి ఇల్లు ఇవ్వలేదు. మూడో ఇల్లు ఈయనది. వెనక వరండా, బోరింగు, పెరట్లో నీడ. "ఏమోళ్ళు?" అని ఆయనా అడిగాడు. నేను అలసిపోయి ఉన్నాను.

"మరాఠోళ్ళు అన్నా. మన లెక్కనే. నీసు గూడ తక్కువ," అన్నాను.

గది దొరికింది. బాయికి సంగతి చెప్పలేదు. వారం తిరక్కుండానే ఇంటామె పసుపు కుంకుమ పట్టుకుని పేరంటానికి పిలవడానికి వచ్చిందట. ఆ సాయంత్రం నేను వెళ్తే బాయి గుమ్మానికున్న కట్టెపెట్టెను స్క్రూలు విప్పి తీస్తోంది. లోపలి గది తలుపుకు, ఎవరికీ కనపడని చోట బిగించింది. చివరికి అంది:

"నా తరఫున నువ్వెందుకు అబద్ధం ఆడినవ్? నేనేమన్న దొంగనా, దాసిపెట్టనీకి?"

"ఇల్లు దొరకాలె కదా బాయి."

"ఇప్పుడు నేను నిజం చెప్తే నువ్వు అబద్ధాలకోరువు అయితవ్. ఈ ఊళ్ళె నీకు ఉద్యోగం చెయ్యాల్సి ఉంది. గందుకే ఊకుంటున్న. నీ కోసం, గుర్తుపెట్టుకో."

నా పరువు కోసం ఆమె తన మతం పేరెత్తకుండా బతికింది. జీవితమంతా ఎక్కడా దాచనిది నా వల్ల దాచుకుంది.

ఏటా వానలు వెనుకబట్టినాక వాళ్ళకొక ఉపవాసం వస్తుంది. పొద్దు గుంకినప్పటి నుంచి మర్నాడు పొద్దు గుంకేదాకా నీళ్ళు కూడా ముట్టరు. దానికి ముందు రోజుల్లో బాయి తనకు తెలిసినవాళ్ళ దగ్గరికి కర్ర పట్టుకుని నడిచి వెళ్ళేది. చేపల ముసలమ్మ దగ్గరికి, ఇంటామె దగ్గరికి, నా దగ్గరికి. "ఈ ఏడు నీ మనసు నొప్పిచ్చిన్నా? నొప్పిస్తే మాఫ్ చెయ్యి," అనేది. "దేవునికి చేసిన తప్పు దేవుడు మాఫ్ చేస్తడు. మనిషికి చేసింది ఆ మనిషే చెయ్యాలె. దాంట్ల దేవుడు గూడ చెయ్యి పెట్టడు," అనేది.

"నువ్వు నాకేం చేసినవ్ బాయి!" అని నేను నవ్వేదాన్ని. ఆమె వెంటనే లేచేది కాదు. కాసేపు అట్లాగే కూర్చుని నా ముఖం చూసేది. నేను చాయ్ పెట్టడానికి లేచేదాన్ని. ప్రతి ఏడూ లేచాను. ఆమె ఎదురుచూసింది చాయ్ కోసం కాదని నాకు ఇప్పుడు తెలుస్తోంది. అప్పుడు కూడా తెలుసేమో.

పోయిన ఎండాకాలం జ్వరం వచ్చినప్పుడు నా చెయ్యి పట్టుకుని చెప్పింది. "నేను పోతే కాల్చకండ్రి. మట్టిల పెట్టండ్రి, అదే రోజు. పూలు వద్దు, బాజా వద్దు. మట్టితోని చేసిండు, మట్టికే అప్పజెప్పాలె."

"అట్లనే బాయి. ఇప్పుడెందుకు గా మాటలు," అన్నాను.

శిక్షణకు నాతో వచ్చిన సిరోంచ నర్సులతో కలిసి గడ్చిరోలి నుంచి బస్సెక్కాను. మే నెల ఎండ. ఆలాపల్లి దాటాక కల్వర్టు మీద లారీ అడ్డం పడి అన్ని బండ్లూ ఆగిపోయాయి. ఇంటాయన మళ్ళీ ఫోన్ చేశాడు. "ఎండకు ఆగేటట్టు లేదు చెల్లె. ఊరోళ్ళందరు వచ్చిండ్రు. కట్టెలు పేరుస్తున్నరు. కానియ్యమంటవా?"

ఒక్క మాట చాలు. పాతిపెట్టండి అంటే చాలు. అంటే ఎందుకని అడుగుతాడు. అడిగితే అన్నేళ్ళ అబద్ధం బయటపడుతుంది. చుట్టూ నాతో పనిచేసేవాళ్ళు కూర్చుని ఉన్నారు.

"మీ ఇష్టం అన్నా," అన్నాను.

నేను చేరేసరికి బూడిద వేడిగా ఉంది. ఇంటాయనే నిప్పు పెట్టాడు. బాజాలు పెట్టించాడు, బంతిపూలు కప్పించాడు. ఏడ్చి కళ్ళు ఉబ్బి ఉన్నాయి. "మా అమ్మకు చేసినట్టే చేసిన చెల్లె, ఏం తక్కువ చెయ్యలే," అన్నాడు. ఆమె అద్దెకొచ్చాక ఆయన మనవడు ఆమె చేతిలోనే పుట్టాడు. ఆ మనిషిని నేను ఏమనగలను?

మర్నాడు ఆస్పత్రిలో సంతాపసభ పెట్టారు. మాట్లాడినవాళ్ళంతా ఆమె మతాలకు అతీతురాలన్నారు. చప్పట్లు కొట్టారు. నేనూ కొట్టాను. మతానికి అతీతంగా కాదు, నిండా తన మతంలోనే బతికింది ఆమె. శనివారం నాడు చెప్పులేసుకుని వాగు దాటించింది ఆ మతమే. ఆ మాట అక్కడ లేచి చెప్పగలిగింది నేనొక్కదాన్నే. చెప్పలేదు.

కబురు అంది మూడో రోజు ఆమె మేనల్లుడు వచ్చాడు. కొంకణ్ నుంచి రైళ్ళూ బస్సులూ మారి వచ్చాడు. గుమ్మంలోనే మరాఠీలో అడిగాడు, "అత్తను ఎక్కడ పెట్టారు?" అని.

అప్పుడు చెప్పాను. ఇంటాయన ముందే, అంతా చెప్పాను. మేనల్లుడు లోపలికి వెళ్ళి ఆమె ట్రంకుపెట్టె తెరిచాడు. అడుగున తెల్లని నూలుబట్టలు, మట్టిలో పెట్టేటప్పుడు తొడగడానికి ఆమె చేత్తో కుట్టుకున్నవి, జేబులు లేనివి. వాటిని ఒళ్ళో పెట్టుకుని కూర్చున్నాడు. తర్వాత, పోయినవాళ్ళ కోసం వాళ్ళు చేసే పద్ధతట, గుండె దగ్గర చొక్కా పట్టుకుని జానెడు చింపుకున్నాడు.

ఇంటాయన అరుగు మీద కూలబడ్డాడు. "ముందుగాల ఎందుకు చెప్పకపోతివి చెల్లె?"

"చెప్తే ఇల్లు ఇచ్చేటోనివా అన్నా?"

"ఏమో. ఇయ్యకపోతునేమో. కానీ నువ్వు అడగాల్సింది కదా."



ముగ్గురం ప్రాణహిత ఒడ్డుకు వెళ్ళాం. ఆ పొద్దునే ఇంటాయన పుణ్యం వస్తుందని అస్థికలు నీళ్ళలో కలిపి వచ్చాడు. ఎండకు నది సన్నబడి ఇసుక మధ్య పాయలుగా పారుతోంది. "ఆడ కలిపిన," అని చెయ్యి చూపించాడు. మేనల్లుడు అటు చూస్తూ నిలబడ్డాడు. పోయినవాళ్ళ కోసం చేసే ప్రార్థనకు తమవాళ్ళు పది మంది కావాలట, ఒక్కడే చదవకూడదట. అందుకని నోరు విప్పలేదు.

నేను అడిగాను. "నేను ఆమెకు చేసింది ఎవరిని మాఫ్ చెయ్యమని అడగాలె?"

మరాఠీలోనే, నెమ్మదిగా చెప్పాడు. "మనిషి పోయాక అడగాలంటే పది మందిని వెంట తీసుకుని సమాధి దగ్గరికి వెళ్ళాలి. అక్కడ నిలబడి వాళ్ళ ముందు తప్పు ఒప్పుకోవాలి."

మన భాషలో పది మంది అంటే లోకమంతా. ఆమె కోసం సిరోంచలో పది మంది కాదు, వందల మంది వస్తారు. ఇది చదివే మీరూ వస్తారు. వచ్చి ఎక్కడ నిలబడతారు?

మేనల్లుడు వంగి ఒడ్డు నుంచి నున్నటి గులకరాయి ఒకటి తీశాడు. సమాధి మీద తాము పూలు పెట్టమని, వచ్చిపోయిన గుర్తుగా రాయి పెడతామని చెప్పాడు. దాన్ని పట్టుకుని ఇసుక వైపు, నీళ్ళ వైపు చూశాడు. పెట్టడానికి చోటు లేదు. నీళ్ళలోకి విసరలేదు. సాయంత్రం బస్సు కదిలినప్పుడు కిటికీ ఊచ మీద అతని చెయ్యి ఉంది, పిడికిలి మూసే ఉంది.