మంచు కింద చెయ్యి

హెలికాప్టర్ మమ్మల్ని మంచు మీద దించి ఓడ వైపు తిరిగిపోయింది. దాని మోత తగ్గాక గాలి మోత మొదలైంది. అంటార్కిటికా. కనుచూపు మేరా తెలుపే. సైన్యంలో నేను వాహనాల మెకానిక్‌ని. మంచు మీద తిరిగే బళ్ళు ఆగిపోకుండా చూడడం నా డ్యూటీ. అక్కడ వేసవిలో సూర్యుడు అస్తమించడు. టిఫిన్ తిన్నానో, రాత్రి భోజనం చేశానో తెలిసేది కాదు.

స్టేషన్‌లో వంటవాడు కూడా సైనికుడే. మా అనకాపల్లి దగ్గర కొండకర్ల ఆవ అనే పెద్ద చెరువు ఒడ్డు మనిషి. నేను ఇంటికి ఫోన్ చేస్తుంటే నా యాస విని గరిటెతో సహా పరిగెత్తుకొచ్చాడు.

"మనోడివేనేటి? ఏ ఊరు బావా?"

సముద్రం ఒడ్డున చేపలు పట్టే కుటుంబం మాది అని చెప్పాను. అప్పటి నుంచి బావలమైపోయాం.

తిరిగి వెళ్ళే ముందు మంచునీటిలో దూకడం అక్కడి ఆనవాయితీ. గడ్డకట్టిన సముద్రం మీద రంపంతో చదరంగా కోశాం. నల్లటి నీళ్ళు కనిపించాయి. గాలి కోస్తోంది. నడుముకి తాడు, ఒక్క మునక, పైకి రావాలి. అదీ లీడర్ ఆర్డర్. డాక్టర్ కంబళ్ళతో నిలబడ్డాడు. తాడు పట్టుకోవడం నా పని.

"బావా, వద్దులే. ఫొటో దిగి వచ్చేయ్," అన్నాను.

"ఆవలో ఈదినోడిని. నాకేటి భయం?" అని వంటవాడు దూకేశాడు.

తాడు బిగిసింది. వెంటనే వదులైంది.

"లాగు!" అని డాక్టర్ అరిచాడు. లాగాను. తాడు ఖాళీగా వచ్చింది. తెగలేదు. ముడి లేదు. ఆ ముడి వేసింది నేనే. మా పడవలకు వేసే ముడి. లాగేకొద్దీ బిగుస్తుంది.

వెనక రేడియో ఆపరేటర్ గొంతు: "బేస్, మనిషి నీళ్ళలో ఉన్నాడు. మనిషి నీళ్ళలో ఉన్నాడు."

అదే తాడు నడుముకి చుట్టుకుని, కొస డాక్టర్ చేతిలో పెట్టి, బూట్లతోనే దూకాను. చలి అనిపించలేదు, ఒళ్ళంతా కాలినట్టయింది. పైనేదో, కిందేదో తెలియలేదు. మంచు అంచు కింద అతను దొరికాడు. జుట్టు పట్టుకున్నాను. పైనుంచి మమ్మల్ని లాగేశారు.

హీటర్ పక్కన పళ్ళు టకటకలాడుతుంటే అడిగాను. "ముడి నువ్వే ఇప్పేవా బావా?"

కంబళి మెడదాకా లాక్కున్నాడు. "ఇప్పినట్టు గేపకం లేదు. జారినట్టూ లేదు. లోపల సప్పుడే లేదు బావా. అదొక్కటే తెలుసు."

లీడర్ మడుగు చుట్టూ జెండాలు పాతించి, ఇంకెవరూ దూకకూడదన్నాడు. మర్నాడు వంటవాడు ఉప్మా వండాడు, ఉప్పు సరిగ్గానే ఉంది. ఓడెక్కాం. తర్వాత విమానం, ఆ తర్వాత అనకాపల్లి రైలు.

ఇద్దరం రిటైరయ్యాం. ఇప్పుడతనికి ఎలమంచిలి హైవే పక్కన టిఫిన్ దుకాణం ఉంది. నేను వెళ్తే తినడానికి వచ్చినవాళ్ళందరికీ చెబుతాడు. "ఈ బావ నన్ను సేపని పట్టినట్టు పట్టేడు!" అందరూ నవ్వుతారు. నేనూ నవ్వుతాను. మళ్ళీ ఆ ముడి సంగతి అడగాలనుకుంటాను, ఈలోగా వేడి దోసె తెచ్చి ముందు పెడతాడు.

కానీ జుట్టు పట్టుకునే ముందు నేను చూసింది అతనికి చెప్పలేదు. మంచు కింద ఆకుపచ్చ వెలుతురు. అతను కొట్టుకోవడం లేదు. కళ్ళు తెరిచి నన్నే చూస్తున్నాడు. అరచెయ్యి కిందికి పెట్టి, వేళ్ళు మెల్లగా ఊపుతున్నాడు. రమ్మన్నాడో, పొమ్మన్నాడో.