పైకి ఎక్కని ఆయిల్

డిప్లొమా పట్టా చేతికొచ్చిన కొత్తలో మనిషికి ఎదుటివాళ్ల మాట వినపడదు. నాకైతే ఆ చెవుడు మరీ ముదిరింది. ఇరవై రెండేళ్లప్పుడు మార్టూరు దగ్గర ఒక గ్రానైట్ క్వారీ షెడ్డులో సూపర్‌వైజరుగా చేరాను. అక్కడ ఆడపిల్లను నేనొక్కదాన్నే. పాత మెకానిక్‌ను అందరూ బాబాయ్ అనేవాళ్లు. కంప్రెసరు నడిపే ముసలి డీజిల్ ఇంజనుకు ఆయన రోజూ పొద్దున్నే పైమూత విప్పి, వాల్వులను నొక్కే రాకర్ల మీద క్యాన్‌తో ఆయిల్ పోసేవాడు.

“ఏంటి బాబాయ్, అభిషేకమా?” అన్నాను.

“దీనికి ఆయిల్ పైదాకా ఎక్కట్లేదమ్మా. దారి పూడుకుపోయింది.”

ఊరుకుంటే నేను నేనెందుకవుతాను? గోడమీద సుద్దతో బొమ్మ గీసి, కింద పంపు తోసిన ఆయిల్ ఇంజను కింది భాగమైన బ్లాకులోంచి పైభాగమైన హెడ్డులోకి ఎక్కి, బోలుగా ఉండే రాకరు షాఫ్టులో దూరి, ఒక్కో రాకరు దగ్గరా చిల్లులోంచి ఎలా బయటికొస్తుందో ఓనరుగారికి పాఠం చెప్పాను. (ఆయన తలూపింది అర్థమయ్యో, నేను ఆపుతానని ఆశపడో ఇప్పటికీ తెలియదు.) బాబాయ్‌చేత హెడ్డు దింపించి, దారి కడిగించి, బ్లాకుకీ హెడ్డుకీ మధ్య పరిచే కొత్త గ్యాస్కెట్ మాత్రం నా చేత్తోనే వేశాను. తిరగేసి వేశానని అప్పుడు తెలియదు. ఆయిల్ పైకెళ్లే చిల్లును ఆ గ్యాస్కెట్టే మూసేసింది.

ఇంజను స్టార్ట్ చేయగానే పైన టకటకమని చప్పుడు. “ఒకసారి మూత తీసి చూడమ్మా, పైన తడి ఉందో లేదో,” అన్నాడు బాబాయ్.

“గేజీలో ప్రెషర్ నిండా ఉంది, కనపడట్లేదా?” అన్నాను. ఆ గేజీ కింది ప్రెషరే చూపిస్తుంది, పై సంగతి దానికి తెలియదు. నాకూ తెలియదు.

మధ్యాహ్నానికి రాకర్లు ఎండిపోయి షాఫ్టుకు పట్టేశాయి, వాటిని కిందనుంచి తోసే రాడ్డు వంగింది, ఇంజను ఆగింది. ఓనరు పరుగెత్తుకొచ్చి, “దీనిమీద చెయ్యేసింది ఎవడ్రా?” అని అరిచాడు. ఎవడ్రా అన్నాడు కాబట్టి అది నేను కాదని నాకు నేనే వ్యాకరణం చెప్పుకున్నాను. బాబాయ్ నావైపు చూశాడు. నేను నేలవైపు చూశాను. “నీకు వయసైపోయింది, ఇక ఇంటికెళ్లు,” అని ఓనరు ఆయన్నే పంపేశాడు. ఆ సాయంత్రం హెడ్డు దింపినప్పుడు గ్యాస్కెట్ తిరగబడి ఉండటం నా కంటబడింది. ఎవరికీ చెప్పకుండా సరిగ్గా తిప్పి వేశాను. మంచి పనిమంతురాలినని పేరు కూడా వచ్చింది.

పోయినేడు ఆయన ఉండే దర్శి వెళ్లినప్పుడు ఆయన ఇల్లు వెతుక్కుంటూ వెళ్లాను. వాకిట్లో మిరపకాయలు ఆరబోస్తున్నాడు. బస్సులో బట్టీపట్టిన క్షమాపణ గడగడా అప్పజెప్పాను. మొత్తం విని నవ్వాడు.

“నువ్వేసిన గ్యాస్కెట్టేనని నాకు అప్పుడే తెలుసమ్మా. నోరిప్పుతావేమోనని గేటుదాకా మెల్లిగా నడిచా. అంతే.”

ఏదో అనబోతే మిరప ఘాటుకు దగ్గొచ్చింది. ఆయనే లేచి మంచినీళ్లు తెచ్చిచ్చాడు. ఇరవై రెండేళ్ల ఆ పిల్లను తలుచుకుంటే ఇప్పటికీ నవ్వొస్తుంది. ఆ నవ్వు ఎక్కువసేపు నిలవదు.